బోడియం కోటకు వెళ్లే పాత దారి

ఇంగ్లాండులోని ఈస్ట్ ససెక్స్‌లో ఉన్న బోడియం కోట దూరం నుంచి చూసేవారికి నీటిమీద తేలుతున్నట్లు కనిపిస్తుంది. ఫ్రెంచివారి దాడుల భయం వెంటాడుతున్న రోజుల్లో, 1385లో, రెండవ రిచర్డ్ రాజు అనుమతితో సర్ ఎడ్వర్డ్ డాలింగ్రిగ్ దీనిని నిర్మించ తలపెట్టాడు. అందరూ దాని బురుజులనే వర్ణిస్తారు గాని, కట్టినవారి తెలివి అంతా అగడ్త దాటే దారిలోనే ఉందని నాకు అనిపిస్తుంది.

నేటి సందర్శకులు ఉత్తరపు గట్టు నుంచి తిన్నగా సింహద్వారానికి నడిచిపోతారు. తొలి దారి అలాంటిది కాదు. పడమటి గట్టున మొదలైన కొయ్య వంతెన తూర్పుగా సాగి, నీటి నడుమ ఉన్న ఎనిమిది పలకల దిబ్బను చేరేది. అక్కడ కుడివైపుకు మళ్లితేగాని ద్వారం ఎదురయ్యేది కాదు. సైనికుడు డాలును ఎడమ చేత పడతాడు కనుక, వంతెన పొడవునా అతని కుడి పక్క, అంటే డాలు అడ్డులేని పక్క, గోడమీది విలుకాండ్రకు గురిగా ఉండేది. ఈ అగడ్త రక్షణకన్నా దర్పం కోసమే తవ్వించినదని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. అయితే శత్రువును చిక్కించుకునే మలుపే అతిథికి కోట వైభవాన్ని నింపాదిగా చూపగలదు కనుక, ఈ రెండు వాదాలూ ఒకదానినొకటి కొట్టివేయవు.

ఆ కాలపు కోటలలో ద్వారం ముందున్న భాగాన్ని పైకి ఎత్తివేసేలా అమర్చేవారు. ఒక అంచున ఇరుసు పెట్టి, రెండో అంచును గొలుసులతో లాగడం సులువైన పద్ధతి. కానీ వంతెన పడుకుని ఉన్నప్పుడు దాని బరువు ఇరుసుకు బాగా ఎడంగా పనిచేస్తుంది. అందువల్ల మొదటి జానెడు లేపడమే అన్నిటికన్నా కష్టం, నిలువయ్యేకొద్దీ శ్రమ తగ్గుతుంది. శత్రువు తరుముకొస్తున్న వేళ ఆ మొదటి జానెడు దగ్గర ఆలస్యం తగదు. అందుకని కొన్నిచోట్ల ఇరుసును వంతెన మధ్యకు జరిపి, లోపలి కొసకు బరువు కట్టారు. ఏతం వెనక కొసన ఉన్న బరువు బానను పైకి తెచ్చినట్లే, ఆ కొస ద్వారం లోపలి గోతిలోకి దిగుతుంటే బయటి కొస లేచేది, తెరుచుకున్న గొయ్యి మరో అడ్డంకిగా నిలిచేది.

వైస్రాయిగా మన దేశంలో 1904 నాటి ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టాన్ని తెచ్చిన కర్జన్ ప్రభువే తరవాత బోడియంను కొని, 1919లో అగడ్తను ఎండగట్టించి, కోటను బాగుచేయించాడు. 1970 నాటి తవ్వకాలలో పాత వంతెన ఓక్ దూలాలు బయటపడ్డాయి. అడుగున పరిచిన దూలాల బెజ్జాలలో నిలువు స్తంభాల కుసులు దించి, వాటిమీద నడకదారి వేయడం ఆనాటి వడ్రంగుల పద్ధతి. అడుగు బురదలోకి ప్రాణవాయువు చేరదు, కొయ్యను తినే శిలీంధ్రాలు అక్కడ పెరగలేవు. అందుకే మనుషులు నడిచిన పలకలు ఏనాడో పోయినా, ఎవరికీ కనిపించని ఆ పునాది దూలాలు శతాబ్దాలపాటు నిలిచాయి.