మధుమేహుల ప్లేట్‌లెట్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: "నాకు ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలున్నాయి, ఇక రక్తం గడ్డకడుతుందన్న భయం లేదు."

వాస్తవం: ఏటా డెంగీ రోజుల్లో లెక్కలు చూసి చూసి, ప్లేట్‌లెట్ అంటే సంఖ్యే అన్న అభిప్రాయం మనలో పాతుకుపోయింది. మైక్రోలీటరుకు 1.5 నుంచి 4.5 లక్షల దాకా ఉంటే సంఖ్య సరిపోయినట్టే. అవి ఎంత తేలికగా ఒకదానికొకటి అతుక్కుంటాయో మాత్రం రక్తకణాలను లెక్కించే సీబీపీ రిపోర్టు చెప్పదు. ఆ గుణాన్ని పెంచే థ్రాంబాక్సేన్ తయారవడానికి ప్లేట్‌లెట్ లోపలి కాక్స్-1 అనే ఎంజైమ్ కావాలి. మధుమేహుల్లో, అందులోనూ చక్కెర అదుపు తప్పినవారిలో, ఈ తయారీ తరచుగా ఎక్కువగా ఉంటుంది.

అపోహ: "ఉదయం ఒక ఆస్పిరిన్ వేసుకుంటే మర్నాటి దాకా అందరికీ ఒకేలా పనిచేస్తుంది."

వాస్తవం: ఆస్పిరిన్ రక్తంలో నిలిచేది కొద్దిసేపే అయినా, ఆలోపే కాక్స్-1ను శాశ్వతంగా పనికిరాకుండా చేసి పోతుంది. కేంద్రకం లేని ప్లేట్‌లెట్ కొత్త ఎంజైమ్‌ను చేసుకోలేదు కనుక, తన 7 నుంచి 10 రోజుల ఆయుష్షు తీరేదాకా అలాగే ఉండిపోతుంది. చిక్కంతా ఎముక మజ్జ నుంచి కొత్తగా వచ్చే ప్లేట్‌లెట్లతోనే. ఆరోగ్యవంతుల్లో రోజుకు సుమారు పదో వంతు మారితే, మధుమేహుల్లో కొందరికి అంతకంటే వేగంగా మారుతాయి. రాత్రికి రాత్రి చేరిన ఆ కొత్తవాటిని నిన్నటి మాత్ర తాకి ఉండదు.

మా ల్యాబులో ఇది కంటికే కనిపిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ట్యూబులో తీసిన రక్తం నుంచి ప్లేట్‌లెట్లతో సహా వేరుచేసిన మసక ప్లాస్మాలో, థ్రాంబాక్సేన్‌కు ముడిసరుకైన అరాకిడోనిక్ ఆమ్లం కలిపితే, ఎంజైమ్ అణగి ఉన్నప్పుడు, ప్లాస్మా గుండా దూరే వెలుతురును చూపే తెర మీది గీత నేలబారుగా సాగుతుంది. పనిచేస్తున్నప్పుడు ప్లేట్‌లెట్లు గుంపుకట్టి, ప్లాస్మా తేటపడి, వెలుతురు దూరి, గీత నిమిషాల్లో పైకి లేస్తుంది. ఉదయం మాత్రకు ముందు తీసిన నమూనాలో లేచిన గీత, మాత్ర వేసుకున్నాక తీసినదానిలో పడుకుని ఉండటం నేను చూశాను. (అలాంటి రిపోర్టు పట్టుకుని తమంతట తామే రోజుకు రెండు మాత్రలు మొదలుపెట్టినవారినీ చూశాను. అది రోగి సొంతంగా తీసుకోవలసిన నిర్ణయం కాదు.)

అపోహ: "ఆస్పిరిన్‌తోపాటు ఒక నొప్పుల మాత్ర వేసుకుంటే ఏమవుతుంది?"

వాస్తవం: నొప్పుల మాత్రల్లో ఒకటైన ఐబుప్రొఫెన్ ముందే వెళ్లి కాక్స్-1లో కూర్చుంటే, ఆస్పిరిన్‌కు ఆ ఎంజైమ్‌లో చోటు దొరకదు.

అపోహ: "షుగరు ఉన్న ప్రతివారూ ఆస్పిరిన్ వాడాలి."

వాస్తవం: గుండె, రక్తనాళాల జబ్బు లేని 15,480 మంది మధుమేహులపై బ్రిటన్‌లో జరిపిన అసెండ్ పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ఉత్తుత్తి మాత్ర వాడినవారితో పోలిస్తే, రోజుకు 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వాడినవారిలో తీవ్రమైన గుండె, రక్తనాళాల సమస్యలు 9.6 నుంచి 8.5 శాతానికి తగ్గాయి, కానీ పెద్ద రక్తస్రావాలు 3.2 నుంచి 4.1 శాతానికి పెరిగాయి. ఇంతకుముందే గుండెపోటో, రక్తనాళం మూసుకుపోయి పక్షవాతమో వచ్చినవారి సంగతి వేరు. వారు డాక్టరును అడగకుండా ఆ మాత్ర మానకూడదు.