పాత ఐ3 ఇచ్చేసి ‘కొత్త’ ఐ7 కొంటున్నారా? డెస్క్‌టాప్ అపోహలు - వాస్తవాలు

పోయిన వారం ఒకావిడ ఆటోలో సీపీయూ పెట్టుకుని షాపుకి వచ్చింది. మా తెనాలి పక్క ఊళ్లోనే డీటీపీ, జిరాక్స్ సెంటర్ నడుపుకుంటుంది. "తమ్ముడూ, కొత్త సిస్టమ్ కొన్నా. విండోస్ 11 ఎక్కట్లేదంటున్నారు, కాస్త చూడు" అంది. క్యాబినెట్ తళతళలాడుతోంది, ముందు రంగురంగుల ఫ్యాన్లు. పక్క మూత తీశా. లోపల హెచ్61 మదర్‌బోర్డు, దాని మీద ఇంటెల్ ఐ7-2600. అది 2011 జనవరిలో మార్కెట్లోకి వచ్చిన ప్రాసెసర్.

ఆవిడ పాత సిస్టమ్ 2018లో నేనే అసెంబుల్ చేసి ఇచ్చా. ఐ3-8100, 8 జీబీ డీడీఆర్4, ఒక టీబీ హార్డ్‌డిస్క్. దాన్ని మూడు వేలకి ఎక్స్చేంజ్‌లో ఇచ్చేసి, పైన పద్నాలుగు వేలు కట్టి ఇది తెచ్చుకుంది. "ఐ3 కంటే ఐ7 పెద్దదే కదా తమ్ముడూ?" అని అడిగింది. నాకు వెంటనే నోట మాట రాలేదు.

ఇదే మాట నెలకి నాలుగైదు సార్లు వింటున్నా. అందుకే రాస్తున్నా.

అపోహ: ఐ3 కంటే ఐ5, ఐ5 కంటే ఐ7 ఎప్పుడూ గొప్పది.

వాస్తవం: ఒకే జనరేషన్‌లో, అంటే ఒకే తరం ప్రాసెసర్లలో పోల్చినప్పుడే ఆ లెక్క. జనరేషన్ ఏదో ఐ7 పక్కనున్న నంబరు చెబుతుంది. నాలుగంకెలుంటే మొదటి అంకె: 2600 అంటే రెండో జనరేషన్, 8100 అంటే ఎనిమిది. అయిదంకెలుంటే మొదటి రెండు: 12100 అంటే పన్నెండు. ఐ7-870 లాగా మూడంకెలే ఉంటే మొదటి జనరేషన్, దాని జోలికే వెళ్లకండి. ఐ7-2600లో థ్రెడ్లు (ఒకేసారి పనులు నడిచే దారులు) ఎనిమిది ఉన్న మాట నిజమే. కానీ కోర్లు (అసలు పని చేసే భాగాలు) నాలుగే, ఐ3-8100లోనూ నాలుగే, పైగా దాని ఒక్కో కోర్ ఇంతకంటే చురుకు. కరెంటు చూసినా 2600ది 95 వాట్ల రేటింగ్, 8100ది 65. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఇంటెల్ కోర్ ప్రాసెసర్ల జాబితా దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే మొదలవుతుంది. అంటే ఆవిడ ఇచ్చేసిన సిస్టమ్‌లో అది ఎక్కేది. బయోస్ సెట్టింగుల్లో పీటీటీ (విండోస్ 11 అడిగే టీపీఎమ్ అనే భద్రతా సదుపాయం) ఆన్ చేసుకోవడమే తరువాయి.

ఇలాంటి సెట్లలో బోర్డు కొత్తగా తయారైనదే. బిల్లు ఇస్తారు, వారంటీ ఇస్తారు. ప్రాసెసర్ మాత్రం ఎక్కడో పాత సిస్టమ్‌లోంచి పీకింది. ప్రకటనలో ‘కోర్ ఐ7, 16 జీబీ’ అని పెద్దక్షరాల్లో వేసి నంబరు మింగేస్తారు. నంబరు చెప్పని చోట డబ్బు కట్టకండి. ఆన్ చేయించి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే కుడివైపు పైన ఆ నంబరే కనబడుతుంది.

"కానీ తమ్ముడూ, పాతదానికంటే ఇది నిజంగానే స్పీడుగా ఉంది" అంది ఆవిడ. నిజమే. ఆ స్పీడంతా అందులో హార్డ్‌డిస్క్ బదులు ఉన్న ఎస్‌ఎస్‌డీది (కదిలే భాగాల్లేని డిస్క్). జనం మోసపోతున్నది సరిగ్గా ఇక్కడే.

అపోహ: స్లో అయిందంటే సిస్టమ్ ముసలిదైపోయింది, మార్చేయాల్సిందే.

వాస్తవం: స్లో అని నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం హార్డ్‌డిస్క్ దగ్గర ఇరుక్కున్నవే. అదే టాస్క్ మేనేజర్‌లో చూడండి: సీపీయూ పది, పదిహేను శాతం దగ్గర ఉంటుంది, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర. హార్డ్‌డిస్క్‌లో ముల్లు కదిలి ఫైల్ ఉన్న చోటికి చేరడానికి ప్రతిసారీ పది మిల్లీసెకన్ల దాకా పడుతుంది. ఎస్‌ఎస్‌డీకి అందులో వందో వంతు చాలు. విండోస్ తెరుచుకునేటప్పుడు ఇలాంటి చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో చదవాలి. ఇప్పుడు ఎక్కడ ఆగుతోందో మీకే తెలుస్తుంది.

డీటీపీ వాళ్ల భయం నాకు తెలుసు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు మళ్లీ ఎక్కుతాయో లేదో అని ఏళ్ల తరబడి సిస్టమ్ ముట్టుకోనివ్వరు. డిస్క్ మొత్తాన్ని ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేస్తే ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. నా దగ్గర ఒక పూట పని. పెట్టిన డబ్బు కూడా వృథా పోదు, రేపు బోర్డు మార్చినా అదే ఎస్‌ఎస్‌డీ విప్పి అందులో పెట్టుకోవచ్చు. డిస్క్‌లోంచి టిక్‌టిక్‌మని చప్పుడు వస్తుంటే మాత్రం క్లోన్ సంగతి తర్వాత, ముందు సిస్టమ్ ఆపేసి ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేయించుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తా.

ర్యామ్ పెంచితే స్పీడు పెరుగుతుందా? ఉన్నది నిండిపోతుంటేనే. నాలుగు నుంచి ఎనిమిదికి తేడా బాగా తెలుస్తుంది. ఎనిమిదిలో సగం ఖాళీగా ఉన్నవాళ్లు పదహారు వేసినా అదే నడక. డీడీఆర్3 స్లాటులో డీడీఆర్4 దిగదు, గాటు ఉండే చోటే వేరు.

విండోస్ 10 ఆగిపోయిందట, సిస్టమ్ పనిచేయదట? ఈ పుకారుతో ఎంతమందిని భయపెట్టారో! 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ సపోర్టు ముగిసింది, సిస్టమ్ ఎప్పటిలాగే ఆన్ అవుతుంది. కాకపోతే సెక్యూరిటీ అప్‌డేట్లు లేని సిస్టమ్‌లో బ్యాంకు లావాదేవీలు చేయొద్దు.

మరి ఎప్పుడు మార్చాలి? నాలుగో జనరేషన్, అంతకంటే పాతదాంట్లో బోర్డు పోతే ఇక దాని మీద రూపాయి పెట్టకండి. అప్పుడైనా మొత్తం కొననక్కర్లేదు. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మారిస్తే చాలు, మానిటర్, కీబోర్డు, క్యాబినెట్ పాతవే నడుస్తాయి. ఎస్‌ఎమ్‌పీఎస్ (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే పెట్టె) ఒక్కటి చెక్ చేయించండి. కంపెనీ బ్రాండెడ్ డెస్క్‌టాప్ అయితే బోర్డు ఆకారం, ఎస్‌ఎమ్‌పీఎస్ పిన్నులు వేరుగా ఉంటాయి కాబట్టి ఈ పద్ధతి చాలాసార్లు కుదరదు.

ఆవిడకి ఇది అమ్మిన షాపుకి నేనే ఫోన్ చేశా. పాత సీపీయూ రెండు రోజుల క్రితమే ఎవరికో వెళ్లిపోయిందట. అందులోని హార్డ్‌డిస్క్‌తో సహా. పెళ్లికార్డుల ఫైళ్లు కొన్ని పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, మిగతావి మళ్లీ టైపు చేసుకుంటోంది. ఎక్స్చేంజ్‌కి ఇచ్చేటప్పుడు హార్డ్‌డిస్క్ విప్పి మీ దగ్గరే ఉంచుకోండి. దానికోసం నాలుగైదొందలు తగ్గిస్తామన్నా సరే.