మధ్యలో ఆగిపోయిన వ్యాయామం: అపోహలు, వాస్తవాలు

నేను ఫిట్‌నెస్ ట్రైనర్‌ని. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు పనిచేస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సాఫ్ట్‌వేర్ వాళ్ళు, బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, షాపులు నడుపుకునేవాళ్ళు ఎక్కువ. జనవరిలోనో, ఉగాదికో, పెళ్ళి కుదిరాకో ఉత్సాహంగా చేరతారు. తర్వాత మార్చి క్లోజింగ్, ప్రాజెక్ట్ రిలీజ్, పిల్లల పరీక్షలు, వైరల్ జ్వరం... ఏదో ఒకటి వచ్చి బ్రేక్ పడుతుంది. బ్రేక్ పడటం సహజం, అందరికీ పడుతుంది. నాకు బాధ కలిగేది ఆ తర్వాత వినిపించే మాటకి: "నాకు విల్ పవర్ లేదన్నా, ఇది నా వల్ల కాదు." ఆ మాట అనుకున్నవాళ్ళు మళ్ళీ రావడం కష్టం. నిజానికి వాళ్ళను ఆపుతున్నది బలహీనత కాదు, వ్యాయామం గురించి అక్కడా ఇక్కడా విని నమ్మేసిన కొన్ని మాటలు. అవేంటో చూద్దాం.

అపోహ: మోటివేషన్ ఉన్నవాళ్ళే రోజూ చేయగలరు

ఏళ్ళ తరబడి మానకుండా చేస్తున్నవాళ్ళను దగ్గర నుంచి చూస్తుంటాను. వాళ్ళకీ రోజూ ఉత్సాహం ఉండదు. "ఇవాళ అస్సలు మూడ్ లేదు" అంటూనే బూట్లు కట్టుకుంటారు. మిగతావాళ్ళకు లేనిది, వాళ్ళకు ఉన్నది ఒక్కటే: ఎప్పుడు, ఎక్కడ, ఏం చేయాలన్నది ముందే తేలిపోయి ఉంటుంది.

దీని మీద ఇంగ్లండ్‌లో 2002లో ఒక అధ్యయనం వచ్చింది. 248 మంది కాలేజీ విద్యార్థులను మూడు గుంపులు చేశారు. వచ్చే వారంలో కనీసం ఒక్కసారైనా 20 నిమిషాలు గట్టిగా వ్యాయామం చేస్తారా లేదా అని చూశారు. మొదటి గుంపుకి ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. వాళ్ళలో 38 శాతం చేశారు. రెండో గుంపుకి గుండెజబ్బుల గురించి, వ్యాయామంతో వచ్చే మేలు గురించి చదివించారు. చేయాలన్న కోరిక పెరిగింది కానీ చేసింది 35 శాతమే. మూడో గుంపు కూడా అదే చదివింది. దాంతోపాటు ఏ రోజు, ఏ వేళకు, ఎక్కడ చేస్తారో కాగితం మీద రాయించారు. 91 శాతం చేశారు.

అందుకే కొత్తగా వచ్చినవాళ్ళకు నేను వీడియోలు పంపను. కాగితం ఇస్తాను. మా దగ్గర ఒక టీచరమ్మ ఉన్నారు. ఉదయం ఏడున్నరకల్లా ఇంట్లోంచి బయల్దేరాలి, అంతకుముందే ఇద్దరు పిల్లల క్యారేజీలు సర్దాలి. ఆవిడ కాగితం మీద రాసుకున్నది ఇది: "పప్పు కుక్కర్ పొయ్యి మీద పెట్టగానే మొదలు." అక్కడి నుంచి మూడో విజిల్ వచ్చేదాకా వంటగట్టు అంచు పట్టుకుని ఏటవాలుగా పుషప్‌లు, డైనింగ్ కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం, మడమలెత్తి నిలబడటం. విజిల్ రాగానే పొయ్యి కట్టేసి తాళింపు పనిలో పడతారు. జిమ్‌కి రాగలిగేది శనివారం, ఆదివారమే. వారం మధ్యలో ఆవిడను నిలబెడుతున్నది కుక్కరే. రోజూ తప్పని పని ఒకటి చూసుకుని దానికి వ్యాయామాన్ని ముడిపెట్టడమంటే ఇదే.

రెండో లైను కూడా రాయిస్తాను, అదింకా ముఖ్యం. "ఆఫీసు నుంచి వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటితే జిమ్‌కి వెళ్ళను, ఇంట్లోనే పది నిమిషాలు దండాలు, బస్కీలు తీస్తాను." ఆలస్యమైన రోజున ఏం చేయాలో ఆ అలసటలో ఆలోచించుకోవాల్సి వస్తే, మంచమే గెలుస్తుంది.

అపోహ: 21 రోజులు ఆగకుండా చేస్తే అలవాటైపోతుంది

ఈ 21 ఎక్కడిది? మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాశాడు. ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి పేషెంట్లకు కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. రానురానూ 'కనీసం' ఎగిరిపోయింది, పేషెంట్లు ఎగిరిపోయారు, 21 మాత్రం మిగిలింది. వ్యాయామానికీ దానికీ సంబంధమే లేదు.

అలవాటు పడటాన్ని నిజంగా కొలిచి చూసింది లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం. 2009లో ప్రచురించారు. ఆలోచించకుండానే చేసేసే స్థితి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మంచినీళ్ళు తాగడం లాంటివి తొందరగా అలవాటయ్యాయి, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. కాబట్టి మూడు వారాలయ్యాక కూడా అలారం మోగితే విసుగ్గా అనిపిస్తోందంటే మీలో లోపమేమీ లేదు.

మన దగ్గర అయ్యప్ప దీక్షనే తీసుకోండి. 41 రోజులు తెల్లవారకముందే లేచి చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, పూజ. ఎప్పుడూ ఎనిమిదింటికి లేచే కుర్రాళ్ళు కూడా నిష్ఠగా చేస్తారు. మాల తీశాక వారం తిరక్కుండానే చాలామంది పాత వేళకే లేస్తారు. భక్తి తగ్గి కాదు. దీక్షలో ఉన్నన్నాళ్ళూ ఒంటి మీద నల్లబట్టలు, మెడలో మాల, 'స్వామీ' అని పిలిచే చుట్టుపక్కలవాళ్ళు, వేళకి పీఠం దగ్గర చేరే తోటి స్వాములు, అన్నీ కలిసి మనిషిని నడిపిస్తాయి. అవి పక్కకు వెళ్ళగానే మనిషి ఒంటరివాడవుతాడు. వ్యాయామం నిలవాలంటే రోజులు లెక్కపెట్టడం కన్నా అలాంటి ఆసరాలు రెండైనా ఏర్పాటు చేసుకోవడం మేలు: తలుపు పక్కనే బూట్లు, రాత్రే తీసి పెట్టుకున్న బట్టలు, కింద గేటు దగ్గర ఎదురుచూసే పక్క ఫ్లాట్ ఆయన. నా అనుభవంలో అన్నిటికన్నా గట్టిగా పనిచేసేది ఆ మూడోదే.

అపోహ: నాలుగు రోజులు మానేస్తే చేసిందంతా పోయినట్టే

జనాన్ని శాశ్వతంగా వ్యాయామానికి దూరం చేస్తున్న నమ్మకం ఏదైనా ఉందంటే ఇదే.

ముందు శరీరం సంగతి. పరిగెత్తేవాళ్ళకు దమ్ము రెండు వారాల విరామంలోనే కొంచెం తగ్గుతుంది, ఆ మాట నిజం. కండరాల బలం మాత్రం మూడు, నాలుగు వారాల వరకూ పెద్దగా చెక్కుచెదరదు. ఆ తర్వాత తగ్గినా, మొదటిసారి సంపాదించడానికి పట్టినంత కాలం రెండోసారి పట్టదు. నార్వేలో ఓస్లో విశ్వవిద్యాలయం వాళ్ళు ఎలుకల మీద చేసి 2010లో ప్రచురించిన ప్రయోగంలో దీనికి కారణం కావచ్చనిపించేది ఒకటి దొరికింది. పని భారం పెరిగితే కండర కణాల్లో కేంద్రకాలు (కణం పనిని నడిపించే భాగాలు) కొత్తగా చేరతాయి. ఆ కండ తర్వాత కరిగిపోయినా కేంద్రకాలు పోలేదు.

ఇక అలవాటు సంగతి. లాలీ అధ్యయనంలో మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడటం దెబ్బతినలేదు. 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో అమెరికాలో అరవై వేల మందికి పైగా జిమ్ సభ్యుల మీద 54 రకాల ప్రోత్సాహకాలను ఒకేసారి పరీక్షించారు. అన్నిటికన్నా బాగా పనిచేసింది ఏదో తెలుసా? ఒక సెషన్ తప్పినవాళ్ళు తర్వాతి సెషన్‌కి తిరిగి వస్తే ఇచ్చిన చిన్న బహుమతి. దాని విలువ మన లెక్కలో కొన్ని రూపాయలే. అసలు తప్పకుండా ఉండటానికి కాదు, తప్పాక తిరిగి రావడానికి ఇచ్చింది! అది చదివినప్పుడు నాకు చాలా సంతోషమేసింది, ఎందుకంటే రోజూ నా కళ్ళ ముందు జరుగుతున్నదీ అదే. మా దగ్గర ఎక్కువ కాలం నిలబడ్డవాళ్ళు ఎప్పుడూ మానని వాళ్ళు కారు. మానేశాక తొందరగా వచ్చేసినవాళ్ళు.

తిరిగి వచ్చిన రోజు ఏం చేయాలన్నది చాలామందికి తెలియదు. పోయిన రోజులన్నీ ఒక్కరోజులో పూడ్చేద్దామని చూస్తారు. మర్నాడు మెట్లు దిగలేరు, ఇంకో వారం పోతుంది. 60 కిలోలతో స్క్వాట్ చేసే అబ్బాయి మూడు వారాల తర్వాత వచ్చాడనుకోండి. ముందు ఖాళీ రాడ్‌తో పది. తర్వాత 30 కిలోలతో రెండు సెట్లు, అంతే. "అన్నా, ఇంకో సెట్ వేస్తా, ఈజీగానే ఉంది" అంటాడు. వద్దంటాను. ఆ 'ఈజీగా ఉంది' అన్న భావంతోనే ఇంటికి పంపాలి, ఎల్లుండి అతన్ని మళ్ళీ లాక్కొచ్చేది అదే. రెండో వారం 45, మూడో వారం ఒళ్ళు ఎలా ఉందో చూసుకుని పాత బరువు.

జ్వరం తర్వాత ఇంకా నెమ్మదిగా వెళ్ళాలి. డెంగీ తగ్గినా నీరసం వారాల తరబడి ఉండొచ్చు. డాక్టర్ సరేనన్నాక నడకతో మొదలుపెట్టండి. చికెన్‌గున్యా కీళ్ళ నొప్పులు కొందరికి నెలలు ఉంటాయి. వాళ్ళు కీళ్ళ మీద భారం పడని కదలికలే ఎంచుకోవాలి. ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్ళు తిరగడం ఉంటే ట్రైనర్ దగ్గరికి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

అపోహ: గంట కుదరకపోతే చేయడం దండగ

పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మాదిరి శ్రమ, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాల బలానికి వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఒక్కో విడతా కనీసం పది నిమిషాలైనా ఉండాలన్న పాత షరతును తీసేసింది. అసలు చేయకపోవడం కన్నా కాస్తయినా మేలని కూడా స్పష్టంగా రాసింది. ఐదు నిమిషాలు ఆఫీసు మెట్లెక్కినా లెక్కలోకి వస్తుంది.

పదివేల అడుగుల లెక్క కూడా ఇలాంటిదే. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత జపాన్‌లో ఒక కంపెనీ అమ్మిన అడుగుల మీటరు పేరులోంచి వచ్చిన అంకె అది. డాక్టర్లు తేల్చింది కాదు. సగటు వయసు 72 ఏళ్ళున్న అమెరికన్ మహిళల మీద 2019లో వచ్చిన అధ్యయనంలో రోజుకు 4,400 అడుగులు వేసినవాళ్ళలో కూడా, అంతకన్నా బాగా తక్కువ నడిచినవాళ్ళతో పోలిస్తే మరణాల రేటు తక్కువగా కనిపించింది, 7,500 దగ్గర ఆ మేలు పెరగడం ఆగింది. మీ అమ్మగారు కాలనీలో రెండు చుట్లు తిరిగి వస్తే, "పదివేలు కాలేదు కదా" అని మాత్రం అనకండి.

అపోహ: తెల్లవారుజామున చేస్తేనే ఫలితం

నైట్ షిఫ్ట్ ముగించుకుని ఉదయం ఆరింటికి క్యాబ్ దిగి తిన్నగా జిమ్‌కి వచ్చేవాళ్ళను చూస్తే నాకు టెన్షన్‌గా ఉంటుంది. కళ్ళు మూతలు పడుతుంటే బరువులెత్తడం ప్రమాదం. నిద్ర చాలకపోతే ఆకలీ పెరుగుతుంది, తేలికైన బరువూ భారంగా తోస్తుంది. ముందు పడుకోండి. లేచాక, షిఫ్ట్‌కి వెళ్ళేముందు చేయండి. సాయంత్రం వ్యాయామం చాలామందికి నిద్ర చెడగొట్టదు, పడుకునే ముందు గంటలో మరీ తీవ్రంగా చేయకపోతే చాలు. ఉదయమే మేలని నేను గట్టిగా చెప్పేది ఎండాకాలంలో ఆరుబయట నడిచేవాళ్ళకు, పరిగెత్తేవాళ్ళకు మాత్రమే. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఎండెక్కాక పరుగు వద్దే వద్దు.

అపోహ: ఒళ్ళు నొప్పి పుట్టకపోతే పని జరగనట్టే

కొత్త వ్యాయామం చేశాక ఒకటి నుంచి మూడు రోజులు ఉండే నొప్పి, అలవాటు లేని శ్రమ పడిందని చెబుతుంది. అంతకుమించి దానికి అర్థం లేదు. లాక్టిక్ యాసిడ్ పేరుకుని నొప్పి వస్తుందంటారు, కానీ అది గంటా గంటన్నరలోనే రక్తంలోంచి పోతుంది. అలవాటయ్యేకొద్దీ నొప్పి తగ్గుతుంది, బలం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. కండ అంతా సమానంగా పీకితే ఫరవాలేదు. ఒకేచోట పొడిచినట్టున్నా, కీలు వాచినా, నొప్పి కాల్లోకో చేతిలోకో పాకినా ఆపి చూపించుకోవాలి. విపరీతంగా చేసిన మర్నాడు మూత్రం కోలా రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళండి. కండరాలు దెబ్బతిని కిడ్నీల మీద భారం పడుతోందనడానికి అది గుర్తు కావచ్చు.

అపోహ: కాటా కదలకపోతే ఉపయోగం లేదు

ఒంట్లో నీటి వల్లే బరువు రోజుకో కిలో, రెండు కిలోలు అటూ ఇటూ అవుతుంది. పెళ్ళి భోజనంలో ఆవకాయ, అప్పడాల ఉప్పు చాలు, మర్నాడు కాటా పైకి వెళ్ళడానికి. కొత్తగా బరువులెత్తినప్పుడు కండరాల్లోనూ నీరు చేరుతుంది. వారానికోసారి, ఒకే వేళకి చూసుకుని నెల మొత్తం మీద లెక్క కట్టండి. అంతకన్నా నాకు నచ్చే కొలతలు వేరే ఉన్నాయి: బెల్టు ఏ రంధ్రం దగ్గరుంది, మెట్రో స్టేషన్ మెట్లెక్కాక ఫోన్‌లో ఆయాసపడకుండా మాట్లాడగలుగుతున్నారా, పోయిన నెల ఎత్తలేని బరువు ఇప్పుడు లేస్తోందా. నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోండి.

అపోహ: ఏడాది ఫీజు ఒకేసారి కట్టేస్తే డబ్బు పోతుందన్న భయంతోనైనా వెళ్తాం

అమెరికాలో ఇద్దరు ఆర్థికవేత్తలు 2006లో ఇలాంటిదే, ఎన్నిసార్లు వెళ్ళినా ఒకే ఫీజు ఉండే నెలవారీ సభ్యత్వాన్ని లెక్కగట్టారు. నెలకు 70 డాలర్ల పైన కట్టినవాళ్ళు నెలకు సగటున నాలుగుసార్లకు కాస్త పైగా వెళ్ళారు, అంటే ఒక్కోసారికి 17 డాలర్లు పడింది. పదిసార్లు వెళ్ళడానికి పనికొచ్చే పాస్ తీసుకుని ఉంటే ఒక్కోసారికి పది డాలర్లే అయ్యేది. ఆ భయం వాళ్ళను జిమ్‌కి నడిపించలేదు.

జిమ్‌లో పనిచేసే మనిషినే అయినా చెబుతున్నాను, ముందు నెల ఫీజే కట్టండి. అది కట్టేముందు కూడా మీరు నిజంగా వెళ్ళబోయే వేళకే ఒకసారి వెళ్ళి చూడండి. ఆ టైమ్‌లో ఇంటి నుంచి ట్రాఫిక్‌లో ఎంతసేపు పడుతోంది, బండి పెట్టుకోవడానికి చోటుందా, మీరు వాడాలనుకున్న మెషిన్ దగ్గర ఎంతమంది నిలబడ్డారు, పక్కన తప్పుగా ఎత్తుతున్నవాడిని ట్రైనర్ పట్టించుకుంటున్నాడా. వారం రోజులు మానేసి వస్తే ఏం చేయిస్తారని ఆ ట్రైనర్‌నే అడగండి.