‘లై’ అంటే అబద్ధం కదా సార్?

లా చదువు తెలుగులో ఉండాలా, ఇంగ్లీషులోనా అన్న గొడవ మళ్లీ రేగింది. ఇంగ్లీషు చదువు తెచ్చిన మెకాలే దగ్గర్నుంచి మొదలుపెట్టక్కర్లేదు, అదంతా అందరికీ కంఠతా వచ్చు. రాజ్యాంగం 348వ అధికరణ కూడా తెలిసిందే: పార్లమెంటు వేరే చట్టం చేసేదాకా సుప్రీంకోర్టు, హైకోర్టుల భాష ఇంగ్లీషే. నన్నడిగితే అసలు ముడి పడింది 2008లో.

ఆ ఏడాది లాయర్ల నియంత్రణ సంస్థ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా న్యాయవిద్య నిబంధనలు తెచ్చింది. బోధన ఇంగ్లీషులో ఉండాలి, ప్రాంతీయ భాషలో చెప్పినా, పరీక్ష రాయనిచ్చినా ఇంగ్లీషు సబ్జెక్టు మాత్రం తప్పదు అంది. జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ ఇంగ్లీషులో మొదలైందీ ఆ ఏడాదే. మన రాష్ట్రాల లా ప్రవేశ పరీక్ష లాసెట్ పేపర్ తెలుగులోనూ ఉంటుంది, కాబట్టి తెలుగు మీడియం పిల్లలు దర్జాగానే సీటు తెచ్చుకుంటారు. లోపలికొచ్చాక ఒక ఇంగ్లీషు పేపర్ పాసైతే చాలనుకున్నారు. ఏ ఇంగ్లీషు? మాకు చెప్పింది వ్యాకరణం, ప్రెసీ (సంక్షిప్తంగా రాయడం), ఒక వ్యాసం, అంతే.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 96వ సెక్షన్‌లో డిక్రీల (సివిల్ కేసుల్లో కోర్టు తేల్చి ఇచ్చే ఉత్తర్వుల) మీద ‘యాన్ అప్పీల్ షల్ లై’ అని ఉంటుంది. ‘లై అంటే అబద్ధం కదా సార్’ అని మా క్లాసులో ఒకడు అడిగాడు. అందరం నవ్వాం, కానీ అప్పీలు చేసుకోవచ్చు అని దానర్థమని నవ్వినవాళ్లలో సగం మందికి తెలీదు, నాతో సహా. కాంట్రాక్టు చట్టంలో ‘కన్సిడరేషన్’ అంటే ప్రతిఫలమని తెలియడానికి ఇంకో సెమిస్టర్ పట్టింది. వకాల్తా, వాయిదా, జప్తు అంటే ఏంటో మాత్రం ఆ ‘లై’ అడిగినవాడు పుస్తకం తెరవకుండా చెప్పేవాడు, వాళ్ల నాన్న భూమి కేసు పుణ్యమా అని.

తర్వాత జరిగినవి మీరూ చూసే ఉంటారు. 2022లో ప్రాంతీయ భాషల్లో లా పుస్తకాల కోసం మాజీ ప్రధాన న్యాయమూర్తి బోబ్డే అధ్యక్షతన కమిటీ వేశారు. 2023లో క్లాట్ ప్రాంతీయ భాషల్లోనూ పెట్టాలన్న గొడవ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. బార్ కౌన్సిల్ సరేనంది, క్లాట్ నడిపే లా యూనివర్సిటీల కూటమి (కన్సార్షియం) కష్టమంది. అదే ఏడాది జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తెలుగులోనూ తీర్పిచ్చింది.

ఈలోపు తెలుగు దస్తావేజు హైకోర్టుకు వెళ్లాలంటే ఇంగ్లీషు అనువాదం జతచేయాల్సిందే. ఆ పని జూనియర్ లాయర్ నెత్తిన పడుతుంది. ‘సర్వ హక్కు భుక్తములతో’ (అన్ని హక్కులు, అనుభవంతో సహా) అన్న ముక్క దగ్గర పెన్ను ఆగిపోతుంది, సీనియరేమో సాయంత్రంలోగా కావాలంటాడు.