విదేశీ నంబరు కారు, బ్రిటన్‌లో పార్కింగ్ జరిమానా: అపోహలు - వాస్తవాలు

జర్మనీలోనో, ఐర్లాండ్‌లోనో, దుబాయ్‌లోనో కొన్నేళ్లు ఉద్యోగం చేసి, ఇంగ్లండ్‌కు మారుతూ కారును కూడా వెంట తెచ్చుకునే మనవాళ్లకు ఇక్కడి రిజిస్ట్రేషన్ కాగితాలు సిద్ధం చేసిపెట్టడం నా వృత్తి. కారు దేశంలోకి వచ్చిన 14 రోజుల్లోపు పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీకి ఇవ్వాల్సిన నోవా సమాచారం (కారు దేశంలోకి వచ్చిందని తెలిపేది) గురించి గానీ, వాహనాల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్‌ఏకు పంపే వి55/5 దరఖాస్తు గురించి గానీ నన్ను అడిగేవారు తక్కువ. పాత నంబరు ఇంకా తీయకముందే ముందు అద్దం మీద ఎవరో అతికించి వెళ్లిన పార్కింగ్ టికెట్ కవరు గురించి అడిగేవారే ఎక్కువ. కింద రాసినవన్నీ ఇంగ్లండ్, వేల్స్‌ల నిబంధనలు. స్కాట్లండ్ పద్ధతి కొన్నిచోట్ల వేరు.

అపోహ: కొత్త నంబరు వచ్చాక పాత నంబరు మీద పడిన జరిమానా దానంతట అదే పోతుంది.

వాస్తవం: పోదు. ఈ పుకారులో సగం నిజం ఉంది కాబట్టే ఇన్నేళ్లుగా బతుకుతోంది. విదేశీ నంబరు వివరాలు డీవీఎల్‌ఏ రికార్డుల్లో ఉండవు గనుక, ఇక్కడి కార్ల విషయంలో దొరికినంత తేలికగా మీ చిరునామా కౌన్సిల్‌కు (స్థానిక పాలక సంస్థకు) దొరకదు. అయితే చిరునామా దొరకకపోవడం వేరు, బాకీ లేకపోవడం వేరు. 2004 నాటి ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఇచ్చే పెనాల్టీ చార్జ్ నోటీసుకు సాధారణంగా వాహన యజమానే బాధ్యులు. ఆ రోజున వాహనాన్ని తన అధీనంలో ఉంచుకున్న వ్యక్తినే ఆ చట్టం యజమానిగా చూస్తుంది. డీవీఎల్‌ఏలో ఎవరి పేరుంటే వారే ఆ వ్యక్తి అని చట్టం ముందుగా భావిస్తుంది, అంతే. అక్కడ పేరు లేనప్పుడు ఆ భావన మాత్రమే తొలగుతుంది, బాధ్యత తొలగదు. నంబరు ప్లేటు విప్పి డబ్బాలో పడేసినంత మాత్రాన ఆ రోజు కారు ఎవరి దగ్గర ఉందన్న సంగతి మారదు కదా!

పైగా ఆ చిరునామాను చాలాసార్లు మనమే వారి చేతికి ఇస్తాం. రెసిడెంట్ పర్మిట్‌కు దరఖాస్తు చేసినప్పుడు పాత నంబరు రాస్తాం. టికెట్ మీద అభ్యంతరం పంపేటప్పుడు పేరు, ఇంటి నంబరు, పోస్ట్‌కోడ్ అన్నీ నింపుతాం.

ఇక డబ్బు సంగతి. లండన్ వెలుపల ఇంగ్లండ్‌లో పెద్ద తరగతి ఉల్లంఘనకు జరిమానా 70 పౌండ్లు. 14 రోజుల్లోపు చెల్లిస్తే 35. లండన్‌లో ఇంతకన్నా చాలా ఎక్కువ. 28 రోజులు గడిస్తే నోటీస్ టు ఓనర్, అంటే యజమాని పేరిట అధికారిక నోటీసు, వస్తుంది. దానికీ 28 రోజుల్లో చెల్లింపో జవాబో లేకపోతే చార్జ్ సర్టిఫికెట్ జారీ అయి మొత్తం సగం పెరుగుతుంది, అంటే 105. ఆ తరువాత బాకీ నార్తాంప్టన్‌లోని ట్రాఫిక్ ఎన్‌ఫోర్స్‌మెంట్ సెంటర్‌లో నమోదై, వసూలు ఏజెంట్ల చేతికి, వారి ఫీజులతో సహా వెళ్తుంది. ఒకే నంబరు మీద మూడు లేదా అంతకన్నా ఎక్కువ నోటీసులు గడువు దాటిపోయి పడి ఉంటే, ఆ వాహనాన్ని పదేపదే ఎగవేసేదిగా పరిగణించి, ఈసారి తప్పుగా నిలిపినప్పుడు చక్రానికి క్లాంపు (తాళం) వేయడానికో, ఎత్తుకెళ్లడానికో కౌన్సిళ్లకు వీలుంది. అప్పుడు జరిమానాతో పాటు తరలింపు రుసుము, రోజువారీ నిల్వ రుసుము కూడా కట్టనిదే కారు చేతికి రాదు.

మ్యూనిక్ నుంచి వచ్చిన ఒక దంపతుల వ్యవహారం ఇక్కడ చెప్పాలి. వారి వీధిలో రెసిడెంట్ పర్మిట్ కావాలంటే వి5సి (ఇక్కడి రిజిస్ట్రేషన్ పత్రం) చూపించాలి. వి5సి ఇంకా డీవీఎల్‌ఏ నుంచి రాలేదు. ఆ ఎదురుచూపుల వారాల్లోనే మూడు టికెట్లు పడ్డాయి. మొదటిదాని మీద అభ్యంతరం రాశారు. కౌన్సిల్ దాన్ని తిరస్కరిస్తూ, సగం ధరకు కట్టే అవకాశాన్ని మళ్లీ ఇచ్చింది. ఈలోగా కొత్త నంబరు రానే వచ్చింది. "అన్నా, ఆ నంబరే ఇప్పుడు లోకంలో లేదు, వాళ్లు ఎవరిని అడుగుతారు?" అని ఆయన నవ్వుతూ అన్నప్పుడు, కట్టేయండని నేను గట్టిగానే చెప్పాను. ఆయన స్నేహితులు మరోలా చెప్పారు. తరువాత ఇల్లు మారారు. మొదటి అభ్యంతరంలో ఇచ్చిన పేరు, చిరునామాలతో మూడింటికీ నోటీసులు పాత ఫ్లాటుకు వెళ్లాయి. వసూలు ఏజెంటు ఉత్తరం మాత్రం వెతుక్కుంటూ కొత్త ఇంటికే వచ్చింది. ఆమె ఆ రాత్రి ఫోన్ చేసినప్పుడు గొంతులో వణుకు వినిపించింది. నోటీస్ టు ఓనర్ తమకు అందలేదన్న కారణంతో టిఇ7 (గడువు దాటినా వినమని కోరేది), టిఇ9 (సాక్ష్య ప్రకటన) ఫారాలు నింపి ఆ ట్రాఫిక్ ఎన్‌ఫోర్స్‌మెంట్ సెంటర్‌కు పంపించాం, ఆమోదం దొరికింది. అయితే దానితో జరిమానా రద్దు కాలేదు, వ్యవహారం వెనకటి దశకు వెళ్లింది, అంతే. చివరికి ఒక్కొక్కటికి 70 చొప్పున 210 పౌండ్లు కట్టారు. మొదట్లోనే అయితే 105తో తేలిపోయేది.

వి5సి రాకముందు కూడా, విదేశీ రిజిస్ట్రేషన్ పత్రం, బీమా, అద్దె ఒప్పందం చూపిస్తే కొన్ని కౌన్సిళ్లు తాత్కాలిక పర్మిట్ ఇస్తాయి, అడగాలి. ఆ విదేశీ పత్రం అసలు ప్రతిని వి55/5తో పాటు డీవీఎల్‌ఏకు పంపేయాలి కాబట్టి, పంపేముందు రెండు వైపులా స్కాన్ చేసి దాచుకోండి. రేపు అప్పీలులో పాత నంబరు, కొత్త నంబరు ఒకే కారువని చూపించాలంటే రెండు పత్రాల మీదా ఉండే ఛాసిస్ నంబరే ఆధారం. పార్కింగ్ యాప్‌లో కొత్త నంబరుకు డబ్బు కట్టి, కారు మీద ఇంకా పాత ప్లేటే ఉంచుకుని టికెట్ తెచ్చుకున్నవారిని ఈ ఆధారమే గట్టెక్కించింది. ఆన్‌లైన్‌లో జరిమానా కట్టేటప్పుడు నంబరును మీ ప్లేటు మీద ఉన్నట్టు కాదు, టికెట్ మీద వారు రాసినట్టే టైపు చేయండి. టికెట్ రాసేవారు గీతలు వదిలేయడం, దేశాన్ని సూచించే అక్షరాన్ని కూడా నంబరులో కలిపేయడం అప్పుడప్పుడూ జరుగుతుంది.

అపోహ: పీసీఎన్ అంటే పీసీఎన్, అన్నీ ఒకటే.

వాస్తవం: కౌన్సిల్ ఇచ్చేది పెనాల్టీ చార్జ్ నోటీసు. సూపర్ మార్కెట్ ఆవరణలోనో, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనో ప్రైవేటు సంస్థ ఇచ్చేది పార్కింగ్ చార్జ్ నోటీసు. అది ఒప్పందం కింద అడిగే సొమ్ము. ప్రైవేటుదైతే చించేయవచ్చన్న సలహాకు కాలం చెల్లింది: 2015లో సుప్రీంకోర్టు అలాంటి 85 పౌండ్ల చార్జీని సమర్థించింది. నడిపినవారు కాకుండా కీపర్ (వాహనాన్ని తన అధీనంలో ఉంచుకున్న వ్యక్తి) కట్టాలని సంస్థ అడగాలంటే మాత్రం 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టంలోని నాలుగో షెడ్యూలు షరతులను తు.చ. తప్పకుండా పాటించాలి, విదేశీ నంబర్ల విషయంలో ఆ షరతులు తరచూ నెరవేరవు. అందువల్ల ఎవరు నడిపారో తొందరపడి రాయకుండా, ముందు సంస్థకు అప్పీలు చేయండి. వారు తిరస్కరిస్తే, ఆ సంస్థ ఏ సంఘంలో సభ్యురాలో చూసుకుని దానికి తగిన అప్పీలు సంస్థ పోప్లాకో, ఐఏఎస్‌కో వెళ్లండి.

వీసా గురించి భయపడేవారికి ఒక మాట. ఈ రెండు నోటీసుల్లో ఏదీ క్రిమినల్ నేరం కాదు; రాత్రిళ్లు నిద్ర మానుకోవాల్సిన పని లేదు. అయితే ప్రైవేటు చార్జీని పట్టించుకోకపోతే అది కౌంటీ కోర్టు తీర్పుదాకా వెళ్లవచ్చు. నెలలోపు కట్టకపోతే ఆ తీర్పు ఆరేళ్లపాటు రిజిస్టరులో ఉండి ఇంటి రుణానికి అడ్డుపడుతుంది, పౌరసత్వ దరఖాస్తులో సివిల్ తీర్పుల గురించి అడిగే ప్రశ్న దగ్గర చెప్పుకోవాల్సి వస్తుంది.

అపోహ: జరిమానా బాకీ ఉంటే డీవీఎల్‌ఏ కొత్త నంబరు ఇవ్వదు.

వాస్తవం: ఈ రెంటికీ సంబంధం లేదు. బాకీ తేలేదాకా ఆగుదామని దరఖాస్తును ఆపుకోకండి.

అపోహ: అప్పీలులో "నేను సందర్శకుణ్ని" అని రాస్తే వదిలేస్తారు.

వాస్తవం: దయచేసి ఈ పని చేయకండి. మొదటిది, సందర్శకులకు కూడా పార్కింగ్ నిబంధనల నుంచి మినహాయింపు లేదు. రెండోది, ఏ 12 నెలల్లోనైనా 6 నెలల వరకు విదేశీ నంబరుతో తిరగవచ్చన్న వెసులుబాటు నిజమైన సందర్శకులకే. ఇక్కడ నివాసం ఏర్పరచుకున్నవారు, కొద్ది మినహాయింపులు తప్ప, రిజిస్ట్రేషన్ పూర్తికాకుండా కారును రోడ్డు మీద వాడకూడదు. మకాం మార్చుకుంటున్నానని చెప్పి టిఓఆర్1 ఫారంతో పన్ను మినహాయింపు పొందిన మనిషి, ముప్పై అయిదు పౌండ్ల కోసం తాను సందర్శకుణ్నని కౌన్సిల్‌కు సంతకం చేసి ఇస్తే, ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసినవారికి ఏ జవాబు చెబుతారు?