స్వదేశంలో పట్టనివ్వని సూది: విదేశాలకు వెళ్లే మెడికోల వెనుక కథ

పట్టా ఇంకా చేతికి రాని మెడికో సొంత కాలేజీ ఆసుపత్రిలో గాయానికి కుట్లు వేయాలంటే పక్కన సీనియర్ ఉండాల్సిందే. అదే విద్యార్థి నాలుగు వారాల సేవ కోసం పేద దేశంలోని చిన్న ఆసుపత్రికి వెళ్తాడు. అక్కడ డ్యూటీ డాక్టర్ ఒక్కరే, వరండా నిండా పేషెంట్లు. తెల్లకోటు కనిపిస్తే చాలు, డాక్టరే అనుకుంటారు. ఎవరో ఒక జత గ్లవ్స్ తెచ్చి చేతిలో పెడతారు. ‘నాకింకా రాదు’ అని ఆ క్షణంలో చెప్పడానికి చాలా ధైర్యం కావాలి. అసలు ఆ విద్యార్థి అక్కడిదాకా ఎలా వచ్చాడు?

వైద్యం చేయడానికి సముద్రాలు దాటడం పాత సంగతే. ఎడిన్‌బరోలో మెడికల్ మిషనరీ సొసైటీ 1841లోనే పుట్టింది. మతశాస్త్ర పండితుడు ఆల్బర్ట్ ష్వైట్జర్ ముప్పై ఏళ్ల వయసులో, కేవలం ఆఫ్రికా వెళ్లడానికే వైద్యం చదవడం మొదలుపెట్టి, పూర్తిచేశాకే 1913లో ఇప్పటి గాబన్‌లోని లాంబరెనే చేరాడు. వాళ్ల పనిలో మతప్రచారం ఉంది, వలస పాలన నీడ ఉంది. కానీ ముందు చదువు ముగించారు, వెళ్లాక ఏళ్ల తరబడి ఉన్నారు. ఈ రెండూ తర్వాతి కాలంలో సడలిపోయాయి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విద్యార్థులే కదిలారు. 1951లో కోపెన్‌హాగన్‌లో అంతర్జాతీయ వైద్య విద్యార్థి సంఘాల సమాఖ్య ఏర్పడింది. వాళ్ల మార్పిడి పద్ధతి నాకు చాలా నచ్చుతుంది: నువ్వు ఒకరిని పంపితే నేనూ ఒకరిని పంపుతా. ఇద్దరూ నేర్చుకునేవాళ్లే, ఎవరూ ఎవరినీ ఉద్ధరించడం లేదు. అమెరికాలో మాత్రం గాలి వేరేగా వీచింది. 1960లో ఒక మందుల కంపెనీ డబ్బుతో మెడికోలను విదేశీ ఆసుపత్రులకు పంపే ఫెలోషిప్పులు మొదలయ్యాయి. మరుసటి ఏడాది, వాలంటీర్లను సేవ కోసం విదేశాలకు పంపే ప్రభుత్వ సంస్థ పీస్ కోర్ వచ్చింది. యువత వెళ్లి సాయం చేయాలన్నది ఆ కాలపు ఆదర్శం.

దాన్ని నిలదీసినవాళ్లలో క్యాథలిక్ మతగురువు, ఆలోచనాపరుడు ఇవాన్ ఇలిచ్ ముఖ్యుడు. 1968 ఏప్రిల్‌లో మెక్సికోలోని క్వెర్నవాకాలో, సేవకు వచ్చిన అమెరికన్ విద్యార్థుల ముందే ప్రసంగించాడు. చూడటానికి రండి, మా కొండలు ఎక్కడానికి రండి, చదువుకోవడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దన్నాడు. మరీ కటువుగా అన్నాడనే అనిపిస్తుంది. అయితే ‘రావద్దు’ అన్నదే అందరికీ గుర్తుండిపోయింది, ‘చదువుకోవడానికి రండి’ అన్నది ఎవరికీ పట్టలేదు.

ప్రయాణాలు ఆగలేదు సరికదా పెరిగాయి. అమెరికాలో మెడికల్ పట్టా పుచ్చుకునేవాళ్లలో విదేశీ అనుభవం ఉన్నవాళ్లు 1980ల్లో నూటికి ఆరుగురి దాకా ఉంటే, 2010 నాటికి దాదాపు ముప్పై మంది అయ్యారు. ఎయిడ్స్ విజృంభించడం, విమాన ప్రయాణం సులువు కావడం ఇందుకు కొంత కారణం. అమెరికన్ డాక్టర్ పాల్ ఫార్మర్ లాంటి ఉదాహరణలు కూడా ఉన్నాయి. ఆయన 1983లో, మెడిసిన్‌లో చేరకముందే హైతీ వెళ్లాడు, చదువుకుంటూనే మళ్లీ మళ్లీ అక్కడికే తిరిగాడు. 1987లో సహచరులతో కలిసి పేదలకు వైద్యం అందించే ‘పార్ట్‌నర్స్ ఇన్ హెల్త్’ సంస్థను స్థాపించాడు. ఆయన్ని చూసి స్ఫూర్తి పొందినవాళ్లలో చాలామంది ఒక్క వేసవికే వెళ్లొచ్చారు. తేడా అంతా ఆ ‘మళ్లీ మళ్లీ’లోనే ఉంది.

ఒక్క వేసవిలో ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూడండి. భాష రాదు కాబట్టి, ముప్పై మందిని చూసుకోవాల్సిన నర్సు పని ఆపి అనువాదం చేయాలి. అలవాటు లేని చేతికి సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ టెన్షన్. అది సోకకుండా ఆపే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. తెలివైన కాలేజీలు ఆ మందును విద్యార్థి బ్యాగులోనే పెట్టి పంపుతాయి. మరి రోజూ అవే సూదులు పట్టే స్థానిక నర్సుకు ఆ మందు అందుబాటులో ఉందా అన్న ప్రశ్న ఆ బ్యాగులో ఉండదు. ఇక విద్యార్థి వేసిన కుట్టు చీము పడితే, అప్పటికి అతను విమానం ఎక్కేసి ఉంటాడు.

నియమాలు చాలా ఆలస్యంగా వచ్చాయి. గ్లోబల్ హెల్త్ శిక్షణలో పాటించాల్సిన నైతిక సూత్రాలను ఒక నిపుణుల బృందం 2010లో ప్రచురించింది. పంపేవాళ్ల ప్రయోజనంతో పాటు ఆతిథ్యమిచ్చేవాళ్ల ఖర్చును, భారాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలంది. 2011లో అమెరికా మెడికల్ కాలేజీల సంఘం విదేశాల్లో పేషెంట్లను ముట్టుకునే విద్యార్థుల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి సారం ఒక్కటే: నీ శిక్షణకు మించిన పని అక్కడా చేయకు. 2020లో కోవిడ్ వచ్చి ప్రయాణాలన్నీ ఆపేసినప్పుడు, దూరం నుంచి ఏం చేయగలమన్న ఆలోచన చాలా కాలేజీల్లో మొదలైంది.

1951 నాటి ఆ ‘ఒకరికి ఒకరు’ లెక్క మాత్రం ఇంకా సరిపోలేదు. పేద దేశపు మెడికో ధనిక దేశపు ఆసుపత్రికి వెళ్లాలంటే ముందు వీసా దొరకాలి. దొరికినా చాలాచోట్ల అతనికిచ్చే హోదా అబ్జర్వర్. మంచం పక్కన నిలబడి చూడొచ్చు, పేషెంటును ముట్టుకోకూడదు.