మీటరు కంటే ముందు చేతులను చూడండి: పెట్రోలు బంకు అపోహలు, వాస్తవాలు

పెట్రోలు పంపుల మరమ్మతు, కాలిబ్రేషన్ (మీటరు కొలతను సరిచేయడం) నా వృత్తి. ఆ సంగతి తెలియగానే పెళ్లి భోజనాల దగ్గరైనా, రైలు బోగీలోనైనా ఎదుటివారు అడిగేది ఒక్కటే: "మోసం లేని బంకు ఏదో చెప్పండి." నేను నోరు తెరిచేలోపే వాళ్లే నాలుగు చిట్కాలు వల్లిస్తారు. తెల్లవారుజామున పోయించుకోవాలట, వంద అనకుండా నూట పది అనాలట, నాజిల్ మెల్లగా నొక్కమనాలట. ఈ చిట్కాలతో నాకున్న పేచీ ఏమిటంటే, మోసం జరగని చోట ఇవి కాపలా కాస్తాయి. జరిగే చోటును గాలికి వదిలేస్తాయి.

అపోహ: వందకు, రెండు వందలకు మిషన్‌లో ముందే తక్కువ సెట్ చేసి ఉంచుతారు. నూట పది, రెండు వందల పది అని అడిగితే మోసం కుదరదు.

దీనికి జవాబు చెప్పాలంటే మిషన్ లోపలికి వెళ్లాలి. భూమిలోని ట్యాంకు నుంచి వచ్చిన పెట్రోలులో గాలి ఉంటే ముందు దాన్ని వేరు చేస్తారు. తర్వాత అది మీటరింగ్ యూనిట్‌లోకి వెళుతుంది. అందులో పిస్టన్లు ఉంటాయి. ఒక్కో పిస్టన్ నిండి ఖాళీ అయినప్పుడల్లా ఇంత అని నిర్ణయించిన పరిమాణం ముందుకు సాగుతుంది. ఆ కదలికకు ఒక ఇరుసు తిరుగుతుంది. ఇరుసుకు బిగించిన పల్సర్ ఆ తిరుగుడును విద్యుత్ సంకేతాలుగా మార్చి బోర్డుకు పంపుతుంది. బోర్డు వాటిని లెక్కపెట్టి లీటర్లు కడుతుంది, లీటర్లను ఆ రోజు ధరతో గుణించి రూపాయలు చూపిస్తుంది.

అంటే కొలిచే భాగానికి రూపాయలన్నవే తెలియవు. లీటరు 107 రూపాయలు అనుకుందాం. వంద నొక్కితే సుమారు 0.93 లీటరు దగ్గర, నూట పది నొక్కితే సుమారు 1.03 లీటర్ల దగ్గర వాల్వు మూయమని బోర్డు చెబుతుంది. కాలిబ్రేషన్ తగ్గించి ఉంటే వందకూ అదే నిష్పత్తిలో తగ్గుతుంది, నూట పదికీ తగ్గుతుంది. పల్సర్ తీగ మీద దొంగ చిప్ పెట్టినా అది చూసేది సంకేతాలనే. మీరు అడిగింది వందా, నూట ముప్పై ఏడా అన్నది దానికి అందే సమాచారం కాదు.

అపోహ: తెల్లవారుజామున పెట్రోలు చల్లగా, చిక్కగా ఉంటుంది. అప్పుడు పోయించుకుంటే లాభం.

వేడికి పెట్రోలు వ్యాకోచించడం నిజమే. ఒక డిగ్రీకి సుమారు వెయ్యింట ఒక వంతు. పది లీటర్ల మీద ఒక డిగ్రీ తేడాకు దాదాపు పది మిల్లీలీటర్లు, అంటే రూపాయి. కానీ బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది. రామగుండంలో మే నెల ఎండ మండిపోతున్నా ట్యాంకులోని పెట్రోలు ఉష్ణోగ్రత ఉదయానికీ మధ్యాహ్నానికీ పెద్దగా మారదు. ఎండకు వేడెక్కేది గొట్టంలో మిగిలిన లీటరులోపు పెట్రోలు మాత్రమే. ఈ రూపాయి కోసం నిద్ర చెడగొట్టుకోవడం మీ ఇష్టం.

నాజిల్ మెల్లగా నొక్కితే ఆవిరి తగ్గి ఎక్కువ పెట్రోలు వస్తుందన్నదీ ఇలాంటిదే. ఆవిరి పుట్టేది మీటరు దాటాక, మీ ట్యాంకులో.

అపోహ: సున్నా తర్వాత మీటరు ఒక్కసారిగా మూడు, నాలుగు రూపాయలకు దూకితే మోసమే.

మోటారు ఆన్ అయినప్పుడు రబ్బరు గొట్టం ఒత్తిడికి కాస్త ఉబ్బుతుంది. ఆ ఉబ్బులోకి వెళ్లిన కొద్దిపాటి పెట్రోలును మీటరు లెక్కిస్తుంది. పైగా తెర మీది అంకెలు కొంచెం కొంచెం ఆగి మారతాయి. పూర్తి వేగంతో నొక్కితే మధ్య అంకెలు కంటికి ఆనవు. మూడు, నాలుగు రూపాయల దూకుడుకు ఇదే కారణం. అదే సున్నా నుంచి నేరుగా పదిహేను, ఇరవైకి పోయి, ప్రతిసారీ అలాగే జరుగుతుంటే ఆపమనండి. గొట్టంలోని పెట్రోలు వెనక్కి కారకుండా ఆపే వాల్వు పాడై ఉండవచ్చు, ఇంకేదైనా ఉండవచ్చు. ఏదైనా ఆ నాజిల్ వాడదగింది కాదు.

అపోహ: నా కారు ట్యాంకు 35 లీటర్లు. బిల్లు 38 లీటర్లకు వచ్చింది. మూడు లీటర్లు మింగేశారు.

బంకుల్లో గొడవ ముదిరి వీడియోలదాకా వెళ్లేది ఎక్కువగా దీని మీదే. కంపెనీ పుస్తకంలో రాసే సామర్థ్యం అంచుదాకా పట్టే పరిమాణం కాదు. పెట్రోలు వ్యాకోచించడానికి, ఆవిరికి ట్యాంకు పైభాగంలో ఖాళీ వదిలి ఆ అంకె చెబుతారు. నాజిల్ దానంతట అది ఆగాక "ఇంకొంచెం, రౌండ్ చేయండి" అంటే ఆ ఖాళీ కూడా నిండుతుంది, మూత దగ్గరి గొట్టమూ నిండుతుంది. అలా పోయించడం వల్ల ఆవిరిని పట్టే భాగం పాడవుతుంది కూడా. కాబట్టి రెండు, మూడు లీటర్లు ఎక్కువ పట్టినంత మాత్రాన రుజువు దొరికినట్టు కాదు. 35 లీటర్ల ట్యాంకులో 50 పోశామంటే మాత్రం మీ కోపంలో న్యాయం ఉంది.

అపోహ: తూనికలు కొలతల శాఖ సీలు ఉంటే చుక్క కూడా తేడా ఉండదు.

ఉంటుంది, చట్టమే ఒప్పుకునేంత. ప్రతి పంపునూ పన్నెండు నెలలకు ఒకసారి శాఖ అధికారి పరీక్షించి ముద్ర వేయాలి. బంకు భాషలో దీన్ని స్టాంపింగ్ అంటారు. ఆ పరీక్షలో అనుమతించే తేడా అర శాతం. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్లు, ఎక్కువైనా సరే, తక్కువైనా సరే.

ఒక వినియోగదారుడికి ఇది చిల్లర. ఐదు వందల పెట్రోలు మీద రెండున్నర రూపాయలు. బంకు వైపు నుంచి చూడండి. రోజుకు 5,000 లీటర్లు అమ్మే బంకులో అన్ని నాజిళ్లూ ఐదు లీటర్లకు సరిగ్గా 25 మిల్లీలీటర్లు తక్కువ అనే గీత మీద నిలబడితే రోజుకు 25 లీటర్లు, రెండు వేల ఆరు వందల పైచిలుకు రూపాయలు మిగులుతాయి. పిస్టన్లు అరిగిన మీటరు సహజంగా ఎక్కువ ఇవ్వడం మొదలుపెడుతుంది, అప్పుడు నష్టం యజమానిది. అందుకే మీటరు ఎక్కువ ఇస్తుంటే యజమాని నుంచి మాకు అదే రోజు ఫోను వస్తుంది. తక్కువ ఇస్తుంటే ఫోను అంత త్వరగా రాదు. ఇది చిప్ కాదు, రిమోట్ కాదు, చట్టం గీసిన గీత లోపలే జరిగే వ్యవహారం. దీని గురించి ఎవరూ వీడియోలు చేయరు. నా దృష్టిలో మాత్రం అధికారి ముద్ర వేసే రోజున తేడాను సున్నా దగ్గరికి సర్దించాకే సీలు బిగించడం న్యాయం. అలా పట్టుబట్టే అధికారులు ఉన్నారు. వాళ్లు వచ్చే రోజు మాకు పని రెట్టింపు, అయినా వాళ్లంటేనే గౌరవం.

అపోహ: అనుమానం వస్తే వాటర్ బాటిల్‌లో పట్టి చూస్తే చాలు.

ప్లాస్టిక్ బాటిల్ కొలపాత్ర కాదు, అందులో పెట్రోలు పట్టడం ప్రమాదం కూడా. ప్రతి బంకులోనూ శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల కొలపాత్ర ఉండాలి. దాంతో మీ ఎదుటే కొలిచి చూపమని అడిగే హక్కు మీకుంది. అడగండి. కానీ ఎలా కొలుస్తున్నారో కూడా చూడండి.

పాత్రను ముందు ఒకసారి పెట్రోలుతో నింపి, తిరిగి ఒంపేయాలి. ధార ఆగాక కూడా వంచి పట్టుకుని, చుక్కలు రాలిపోయేదాకా అర నిమిషం ఆగాలి. పొడి పాత్రతో మొదలుపెడితే గోడలకు అంటుకునే తడి కూడా లెక్కలో కలిసి, మంచి మీటరు సైతం తక్కువ ఇస్తున్నట్టు కనిపిస్తుంది. తర్వాత మీటరును సున్నా చేయించి, పాత్రను సమతలం మీద పెట్టి, ఐదు లీటర్లు పట్టాలి. డీజిల్ అయితే నురగ దిగేదాకా ఆగాలి. గీతలుండే పాత్ర మెడను సన్నగా చేస్తారు. అక్కడ కొద్దిపాటి తేడా కూడా ఎత్తులో స్పష్టంగా కనిపిస్తుంది. వంగి, కళ్లను ఆ గీతకు సమానంగా పెట్టి చదవాలి. నిలబడి పైనుంచి చూస్తే మీకు నచ్చిన అంకె కనిపిస్తుంది, యజమానికి నచ్చింది ఆయనకు కనిపిస్తుంది. కొలిచిన పెట్రోలును మళ్లీ భూమిలోని ట్యాంకులో పోసేస్తారు, మీరు డబ్బు కట్టనక్కరలేదు.

అపోహ: చిప్ మోసాలన్నీ పుకార్లు. (దీని కవల: చిప్ లేని బంకే లేదు.)

పుకార్లు కావు. 2017 ఏప్రిల్‌లో లక్నోలో ఉత్తరప్రదేశ్ పోలీసులు దాడి చేసి, రిమోట్‌తో నడిచే చిప్‌లను పంపుల్లోంచి బయటికి తీశారు. మన దగ్గరా 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ బంకుల్లో చిప్‌లు అమర్చిన ముఠాను పట్టుకున్నారు. ఇలాంటి పని బయటివాళ్లకు చేతకాదు. పంపు తెరవడం, తీగలు కలపడం తెలిసిన మా వృత్తివాళ్ల చెయ్యి పడాల్సిందే. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది.

చిప్ చేసేది చిన్న పనే. పల్సర్‌కూ బోర్డుకూ మధ్య కూర్చుని సంకేతాలను పెంచి పంపుతుంది. లీటరుకు 50 మిల్లీలీటర్లు కోసే చిప్ అయితే ఐదు లీటర్ల పాత్రలో 250 తక్కువ పడుతుంది, చట్టం అనుమతించిన తేడాకు పది రెట్లు. అంత తేడా చదవడానికి నైపుణ్యం అక్కరలేదు. చిక్కల్లా రిమోట్‌తోనే. కొలపాత్ర బయటికి వచ్చేలోపు ఒక మీట నొక్కితే చిప్ నిద్రపోతుంది.

అయితే చిప్ తప్పించుకోలేని లెక్క ఒకటుంది. చిప్ కారణంగా మీటరు ఎక్కువ లీటర్లు అమ్మినట్టు చూపుతుంది, భూమిలోని ట్యాంకు మాత్రం అంత తగ్గదు. పంపు లోపలి టోటలైజర్‌ను (ఇప్పటిదాకా అమ్మిన మొత్తం లీటర్లను కూడుతూ పోయే లెక్క) మామూలుగా వెనక్కి తిప్పడం కుదరదు. ఆటోమేషన్ ఉన్న బంకుల్లో ట్యాంకు మట్టాన్ని కొలిచే కడ్డీ, నాజిళ్ల అమ్మకం రెండూ కంప్యూటర్‌లో నమోదవుతాయి. కొన్నదానికంటే అమ్మింది ఎక్కువగా ఉన్న బంకు వ్యాపారం చేయడం లేదు, ఇంద్రజాలం చేస్తోంది. అందుకే అలాంటి ఫిర్యాదులో కొలపాత్ర ఒక్కటే చాలదు. పంపు మూత తెరిపించాలి, పల్సర్ దగ్గరి సీసపు సీలు, దాని తీగ తెగకుండా ఉన్నాయో లేదో చూడాలి, పుస్తకాలు తిరగేయాలి. ఆ అధికారం శాఖకు ఉంది.

అపోహ: మైలేజీ తగ్గిందంటే కొలత తగ్గినట్టే.

ఇప్పుడు దేశంలో అమ్ముతున్న పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. లీటరుకు లీటరు పోలిస్తే ఇథనాల్ ఇచ్చే శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. పది శాతం మిశ్రమం నుంచి ఇరవైకి మారినప్పుడు లీటరులోని శక్తే మూడు శాతానికి పైగా తగ్గింది. పూర్తి లీటరు పోసినా బండి అంతదూరం వెళ్లదు. దీని మీద కోపం ఉండవచ్చు, అది మీటరు మీద చూపించేది కాదు. కల్తీ అనుమానం వేరే సంగతి. దానికి బంకులో ఫిల్టర్ పేపరు ఉంటుంది, సాంద్రత కొలిచే హైడ్రోమీటరు ఉంటుంది, అడిగితే చూపించాలి.

అపోహ: మోసం మీటరులోనే ఉంటుంది.

ఎక్కువసార్లు మీటరు నిజమే చెబుతుంది. మీరే చూడరు. మీరు వెయ్యి రూపాయలకు అడుగుతారు. కుర్రాడు రెండు వందల దగ్గర ఆపేస్తాడు. "సార్, రెండు వందలు అనుకున్నాను, ఉండండి, మిగతాది పోస్తాను" అంటాడు. ఇంకొకడు అటువైపు కార్డు మిషన్ పట్టుకుని పిన్ కొట్టమంటాడు. మీరు ఇటు తిరిగేసరికి తెర మీద 800 ఉంటుంది. రెండు వందలు, ఎనిమిది వందలు, మొత్తం వెయ్యి అని మీ మనసు కూడేస్తుంది. సున్నా చేయకుండా రెండు వందల దగ్గరి నుంచే కొనసాగించారు కాబట్టి ట్యాంకులో పడింది ఎనిమిది వందలదే. ఏ సీలూ తెగలేదు, ఏ చిప్పూ లేదు. బిల్లు అడిగితే కథ అక్కడే ముగుస్తుంది, అందులో ఒక్కసారి పోసిన 800 మాత్రమే ఉంటుంది.

ధర సంగతీ ఇంతే. మామూలు పెట్రోలు అడిగితే ప్రీమియం నాజిల్ పెట్టడం మీటరు తప్పు కాదు. తెర మీద లీటరు ధర వరుస ఒకటి ఉంటుంది, సున్నాతో పాటు దాన్నీ చూడండి. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ధరల్లో మార్పు ఉంటే అది ఉదయం ఆరు గంటలకు అమల్లోకి వస్తోంది కాబట్టి నిన్నటి అంకెతో పోల్చి గొడవపడకండి.

ఫిర్యాదు చేయదలిస్తే బంకు పేరు ఒక్కటే రాస్తే పని జరగదు. బిల్లు ఉంచుకోండి. ఏ పంపు, ఏ నాజిల్, తేదీ, సమయం, కొలపాత్రలో ఎంత తేడా వచ్చింది, గోడ మీది స్టాంపింగ్ ధ్రువపత్రం గడువు ఎప్పటిదాకా ఉంది, ఇవన్నీ రాసి జిల్లా తూనికలు కొలతల శాఖ కార్యాలయానికి, ఆ చమురు కంపెనీకి పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసినా నమోదు చేస్తారు. కొలిచి చూపడానికి బంకువాళ్లు ఒప్పుకోకపోతే ఆ మాటే ఫిర్యాదులో మొదటి వాక్యంగా రాయండి.